"మా వాడికి ఎన్ని వచ్చాయి మేడం?"

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఆటల జట్లలో ఉన్న పిల్లలతో పోయిన నెల, వాళ్లు ఆట ఎందుకు ఆడుతున్నారో అడిగే ఒక ప్రశ్నాపత్రం నింపించాం కదా, అప్పటి నుంచి గేటు దగ్గర, ఫోన్లో, ఆఖరికి సంతలో కూరగాయలు కొంటున్నప్పుడు కూడా మీరు నన్ను అడుగుతున్నది ఒక్కటే: "మా వాడికి ఎన్ని వచ్చాయి మేడం?" అడగడంలో తప్పేం లేదు, బడిలో పేపరు పెట్టారంటే మార్కులు వస్తాయనే మనందరికీ అలవాటు. కానీ ఈ పేపరుకి మార్కులు లేవు, ర్యాంకు లేదు, పాసూ ఫెయిలూ లేవు. ఎందుకు లేవో, లేనప్పుడు అసలు ఎందుకు పెట్టామో చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

జూన్‌లో బడి తెరిచిన కొత్తలో ఒక సంస్థ తరఫున ఇద్దరు వచ్చారు. పిల్లల పది వేలిముద్రలూ స్కాన్ చేసి, ఎవరిది ఎలాంటి స్వభావమో, ఎవరికి ఏ ఆట కలిసొస్తుందో రంగుల రిపోర్టులో రాసిస్తామన్నారు. డీఎంఐటీ అంటారు దాన్ని. మీలో కొందరు బయట డబ్బు కట్టి చేయించారని కూడా నాకు తెలుసు. సూటిగా చెప్తున్నాను: వేలి గీతలను బట్టి పిల్లల స్వభావం గానీ, వాళ్లు ఏ ఆటలో రాణిస్తారన్నది గానీ తెలుస్తుందనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. వద్దని చెప్పి పంపించేశాను.

"కానీ మేడం, మా పాప రిపోర్టులో రాసింది అచ్చం మా పాపలాగే ఉంది" అన్నారు ఒక తల్లి. నిజమే, ఉంటుంది. 1948లో అమెరికాలో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్టు తన క్లాసులో 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, తర్వాత ఎవరి రిపోర్టు వాళ్లకిచ్చి, ఇది మీకు ఎంత సరిపోయిందో 5కి మార్కులు వేయమన్నాడు. సగటున 4కి పైనే వేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం, అందులోని వాక్యాలు జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవి. నీలో బయటపడని శక్తి చాలా ఉంది, లాంటి మాటలన్నమాట. ఆ మాట ఏ పిల్లకి సరిపోదు చెప్పండి?

ఆ వేలిముద్రల వాళ్లు వెళ్లాక పీఈటీ సార్, నేను కూర్చుని మాట్లాడుకున్నాం. పొద్దున్నే ఐదున్నరకి బూట్లు చేత్తో పట్టుకుని గ్రౌండుకి పరిగెత్తుకొచ్చే పిల్ల ఎందుకొస్తోంది? పోయినేడు జిల్లా స్థాయి దాకా వెళ్లిన పిల్లవాడు ఈ ఏడు విజిల్ ఊదినా వేపచెట్టు కింద నుంచి ఎందుకు లేవడం లేదు? సార్‌కి పరుగు టైము తెలుసు, ఎవరు ఎంత దూరం దూకుతారో తెలుసు. ఇది మాత్రం స్టాప్‌వాచ్‌కి అందే సంగతి కాదు.

దీన్ని అడిగి తెలుసుకోవడానికి పనికొచ్చే ప్రశ్నాపత్రాలు ఉన్నాయి. మేం తీసుకున్నది కెనడా పరిశోధకులు తయారుచేసినది, ముందు ఫ్రెంచిలో రాసి 1995లో ఇంగ్లీషులో అచ్చువేశారు. అప్పట్లో 28 ప్రశ్నలు, 2013లో సవరించి 18 చేశారు. "నువ్వు ఈ ఆట ఎందుకు ఆడుతున్నావు?" అని మొదలుపెట్టి ఒక్కొక్క కారణమూ నీ విషయంలో ఎంతవరకు నిజమో 1 నుంచి 7 వరకు గీత మీద టిక్కు పెట్టమంటుంది. కొన్ని కారణాలు ఆటలోంచే పుట్టేవి: కొత్త ఎత్తుగడ నేర్చుకున్నప్పుడు కలిగే ఆనందం లాంటివి. కొన్ని బయటివి: మెడల్, పేరు, నలుగురూ మెచ్చుకోవడం. మధ్యలో ఇంకో రకం ఉంది, నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అదే. పక్కన ఎవరూ లేకపోయినా లోపల ఒక పెద్దవాళ్ల గొంతు కూర్చుని, ఆడకపోతే నువ్వు ఎందుకూ పనికిరావు అంటూ ఉంటుంది చూడండి, అది. ఇవేవీ లేని స్థితి ఇంకోటి: ఒకప్పుడు ఇష్టం ఉండేది, ఇప్పుడు ఎందుకు ఆడుతున్నానో తెలియదు.

తెలుగులో పెట్టడం అనుకున్నంత తేలిక కాలేదు. ప్రాక్టీసుకి రాకపోతే గిల్టీగా అనిపిస్తుందా అన్న ప్రశ్న దగ్గర తెలుగు మాస్టారు, నేను అరగంట తర్జనభర్జన పడి, చివరికి "తప్పు చేసినట్టు అనిపిస్తుంది" అని రాశాం. పరీక్ష రోజు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె పెన్ను పైకెత్తి "ఎవరి పట్ల తప్పు మేడం, సార్ పట్లా, మా నాన్న పట్లా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నీకు ఎవరు గుర్తొస్తే వాళ్ల పట్ల అన్నాను. ఆ పిల్ల చాలాసేపు పెన్ను ఆడించి గానీ టిక్కు పెట్టలేదు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. మొదటి రోజు తీసుకున్న కాగితాల్లో చాలామంది వరసగా 7, 7, 7 పెట్టేశారు, ఇష్టంతో ఆడుతున్నావా అన్నా 7, ఎందుకు ఆడుతున్నానో తెలియదు అన్న దానికీ 7. పిలిచి అడిగితే "ఏడుకి ఏడు అంటే ఫుల్ మార్కులు కదా సార్" అన్నాడొకడు. వాడి తప్పు కాదు. పుట్టినప్పటి నుంచీ మనం వాళ్లకి నేర్పింది అదే. ఆ కాగితాలన్నీ పక్కన పెట్టేసి, వారం తర్వాత అంకెలు తీసేసి "అస్సలు కాదు" నుంచి "ముమ్మాటికీ నిజం" దాకా మాటలు రాసి మళ్లీ పెట్టాం. ఈసారి పేర్లు రాయడం మీ ఇష్టం అన్నాం. జట్టు ఎంపికకి దీన్ని వాడేది లేదని సార్ అందరి ముందూ మాటిచ్చారు. అప్పుడు గానీ జవాబులు మారలేదు.

ఎంపికకి ఎందుకు వాడకూడదని కొందరు నాన్నలు నన్ను గట్టిగానే అడిగారు. అమెరికాలో 1960ల చివర్లో బ్రూస్ ఓగిల్వీ, థామస్ టట్కో అనే ఇద్దరు 190 ప్రశ్నలతో ఒక పరీక్ష తయారుచేశారు. పట్టుదల, నాయకత్వం, ఆత్మవిశ్వాసం, కోచ్ మాట వినే గుణం ఇలా 11 లక్షణాలు కొలిచేది. పెద్ద పెద్ద జట్లు వాడాయి. కానీ స్వభావాన్ని చూసి ఎవరు గెలుస్తారో ముందే చెప్పగలమన్న దానికి నిఖార్సయిన రుజువు లేదని తోటి పరిశోధకులే విమర్శించారు. పైగా జట్టులో చోటు దీని మీదే ఉందని తెలిస్తే ఏ పిల్లవాడు "నాకు పోటీ అంటే భయం" అని రాస్తాడు? నిజం రాసినవాడు బయటికి, దాచినవాడు లోపలికి. అలాంటి పరీక్ష నేను నా బడిలో పెట్టను.

స్వభావం గురించి వేరే పరీక్ష పెట్టలేదు. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు ఇంకా మారుతూనే ఉంటారు. ఇవాళ "సిగ్గరి" అని కాగితం మీద రాసిస్తే ఇంట్లో, బడిలో అదే పేరుగా స్థిరపడిపోతుంది. మేం అడిగిన ప్రశ్నలు కూడా మేం సొంతంగా తెలుగు చేసుకున్నవి, మన పిల్లల మీద సరిచూసినవి కావు కాబట్టి అంకెలు పట్టుకుని ఒకరితో ఒకరిని పోల్చడం అన్యాయం. మాట్లాడటానికి ఒక దారి దొరికిందంతే.

ఆ దారిన తెలిసినవి చెప్తాను, పిల్లల పేర్లు మాత్రం అడగకండి. మన పిల్లల్లో ఎక్కువమంది ఆటని ప్రేమిస్తున్నారు, అది చదివి నాకు కళ్లు చెమర్చాయి. కానీ పెద్ద తరగతుల్లో "ఎందుకు ఆడుతున్నానో తెలియదు" వైపు జరిగినవాళ్లు ఉన్నారు. విడిగా మాట్లాడితే ఒకరికి మోకాలి దెబ్బ పూర్తిగా తగ్గలేదు, ఎవరికీ చెప్పలేదు. ఇంకొకరికి జిల్లా జట్టులో వస్తే ఫోన్ కొనిస్తామన్నారట. "ఫోన్ అన్నప్పటి నుంచి కోర్టులో దిగితే కాళ్లు ఆడటం లేదు మేడం" అన్నాడు.

బహుమతి మంచిదే కదా అంటారు మీరు. 1973లో అచ్చయిన ఒక అధ్యయనం నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. బొమ్మలు గీయడం ఇష్టమైన నర్సరీ పిల్లల్లో కొందరికి గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే ఆశపెట్టి ఇచ్చారు, కొందరికి చెప్పకుండా తర్వాత ఇచ్చారు, కొందరికి అసలు ఇవ్వలేదు. కొద్ది రోజుల తర్వాత స్కెచ్ పెన్నులు ఊరికే ముందు పెడితే, ఆశపెట్టిన పిల్లలు వాటితో గడిపిన సమయం మిగతావాళ్లతో పోలిస్తే సుమారు సగం. కాబట్టి ఫోన్ కొనాలనుకుంటే కొనండి, దాన్ని జట్టుతో ముడిపెట్టకండి. మ్యాచ్ అయ్యాక "గెలిచావా?" కంటే ముందు "ఎలా ఆడావు, ఏం జరిగింది?" అని అడిగి, వాళ్లు చెప్పేది చివరిదాకా వినండి. ఇది నేను మా ఇంట్లో ఆలస్యంగా నేర్చుకున్నాను, అందుకే మీకు చెప్తున్నాను.

బడిలో చేస్తున్నవి: బుధవారం ప్రాక్టీసులో ఏం చేయాలో పిల్లలే నిర్ణయిస్తున్నారు. దెబ్బ తగిలితే దాచుకోకుండా రాయడానికి పీఈటీ సార్ గదిలో ఒక నోటుబుక్కు పెట్టాం. ప్రశ్నాపత్రం ఖాళీ కాపీ ఆఫీసులో ఉంది, వచ్చి చదువుకోవచ్చు. మీ బిడ్డ రాసిన కాగితం చూడాలంటే బిడ్డనే అడగండి, ఒప్పుకుంటే ముగ్గురం కూర్చుని చూద్దాం. మళ్లీ జనవరిలో పెడతాం. వద్దనుకునేవాళ్లు ఒక చీటీ రాసి పంపండి, కారణం అక్కర్లేదు.

చివర్లో "ఇంకేమైనా చెప్పాలా?" అని రెండు గీతలు ఖాళీగా వదిలాం. ఎక్కువమంది ఏమీ రాయలేదు. ఒక కాగితం మీద మాత్రం పెన్సిల్‌తో, పేరు లేకుండా, "ఆదివారం కూడా గేటు తీయండి" అని ఉంది. వాచ్‌మన్‌తో మాట్లాడాను. ఈ వారం నుంచి ఆదివారాలు పొద్దున 6 నుంచి 8 వరకు గ్రౌండు గేటు తెరిచి ఉంటుంది. ఆ రోజు సార్ ఉండరు, విజిల్ ఉండదు, కాబట్టి పెద్దవాళ్లు ఒకరిద్దరు వంతులవారీగా వచ్చి కూర్చుంటే బాగుంటుంది. వచ్చేవాళ్లు ఆఫీసులో పేరు రాయించండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు