నాటకాలు తగ్గించండి, స్టేజి రిహార్సల్ పెంచండి

సంపాదకులకు,

కాలేజీల నాటక, నృత్య విభాగాలు ఈ ఏటి ప్రదర్శనల జాబితా రాసుకునే రోజులివి. జాబితాలో ఆరేడు పేర్లుంటాయి, హాలు మాత్రం ఒక్కోదానికి ఒక్క రోజుకే తీసుకుంటారు. మా విన్నపం దీని గురించే. ఆరు బదులు మూడే వేయండి. మిగిలిన డబ్బుతో ప్రతి ప్రదర్శనకూ ముందు రోజు కూడా హాలు తీసుకోండి.

ముందు రోజు హాలుతో ఏం పని అంటారా? ఉదయం పదికి తలుపులు తీస్తే లైట్లు కట్టి, మనిషి ముఖం మీదికి సరిచేసేసరికి రెండవుతుంది. సాయంత్రం ఆరుకు తెర లేవాలంటే మేకప్ ఒంటిగంటకే మొదలుపెట్టాలి. అంటే స్టేజి ఖాళీ అయిన వేళకు నటులంతా గ్రీన్‌రూమ్‌లో ఉంటారు. ఒకే రోజులో స్టేజి రిహార్సల్ జరగకపోవడానికి ఎవరి బద్ధకమూ కారణం కాదు, లెక్కే కుదరదు. నృత్యరూపకంలో పదిమంది అమ్మాయిలుంటే ముఖం, జడ, ఆభరణాలు కలిపి ఒక్కొక్కరికి తక్కువలో తక్కువ అరగంట. మేకప్ మనిషి ఒక్కరే అయితే అయిదు గంటలు. మొదట ముస్తాబైన పిల్ల మన ఉక్కపోతకు ఆరు గంటలకల్లా కరిగిపోయి ఉంటుంది. ఇద్దరిని పిలవండి.

ముందు రోజు నాటకమంతా ఆడించనక్కర్లేదు. మొదట సంభాషణలు దాటవేసి, లైటు మారే చోటి నుంచి మారే చోటికి మాత్రమే నడిపించండి. నలభై మార్పులుంటే ఒక్కోదానికి మూడు నిమిషాల చొప్పున రెండు గంటలు. ఆ తర్వాతే దుస్తులతో పూర్తి రిహార్సల్. ఎరుపు లైటు కింద ఆకుపచ్చ పట్టు నల్లగా కనిపిస్తుందని తెలియాల్సింది ఆ రాత్రే, జనం ముందు కాదు. పది ఆంపియర్ల లైనుకు వెయ్యి వాట్ల లైట్లు రెండే కట్టాలి. మూడోది కడితే ట్రిప్ అవుతుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది క్షణాల్లో, మైకుల శబ్దాన్ని కలిపి సరిచేసే డిజిటల్ మిక్సర్ ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. దానికి చిన్న యూపీఎస్ పెడితే చాలు.

నృత్యానికి అంతకన్నా ముఖ్యం నేల. ప్రదర్శన చెక్క స్టేజి మీద అయినా, సాధన నెలల తరబడి క్లాసురూము సిమెంటు మీదే సాగుతుంది. సిమెంటు అడుగుదెబ్బను ఇముడ్చుకోదు, మోకాలికీ పిక్క ఎముకకూ తిప్పికొడుతుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీట్లు, ఎనిమిది బై నాలుగు అడుగులవి, ఆరు చాలు. పదహారు బై పన్నెండు అడుగుల నేల వస్తుంది. కింద అడుగు దూరానికొకటి చొప్పున రెండు బై ఒక అంగుళం చెక్క రీపర్లు, వాటి కింద అరంగుళం రబ్బరు ముక్కలు. అతుకులన్నీ ఒకే గీతలో పడితే అక్కడే నేల లేస్తుంది. మధ్య వరుసలో ఒక షీటును సగానికి కోసి రెండు కొసలా పెడితే ఆ బాధ లేదు. స్క్రూ తలలు చెక్కలోకి దిగాలి, లేదంటే పాదాలు చీరుకుంటాయి. హాల్లో స్టేజి మీద షామియానా వాళ్ల ఎర్ర కార్పెట్ మాత్రం పరచనివ్వకండి. గజ్జె అడుగు శబ్దం చచ్చిపోతుంది, పళ్లెం అంచుల మీద నిలబడి ఆడే కూచిపూడి తరంగంలో పళ్లెం మడతకు తట్టుకుంటుంది.

పద్యనాటకం ఎంచుకునే మహిళా కళాశాలలకు ఒక మాట. పాత మగ నటుల రికార్డులు విని ఆ శ్రుతిలోనే పద్యం ఎత్తితే మూడోవారానికి గొంతు బొంగురుపోతుంది. ప్రతి అమ్మాయికీ ఆమె శ్రుతి మొదటి రోజే హార్మోనియం మీద తేల్చి, ఆమె నాటకం ప్రతి మీద రాసి పెట్టాలి. రాగం తీసే నిడివి తర్వాత చూసుకోవచ్చు.

అనుమతుల సంగతి చాలామంది మరిచిపోతారు. రచయిత మరణం తర్వాత 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు మాత్రమే చూసే ప్రదర్శనకు 1957 నాటి కాపీరైట్ చట్టం మినహాయింపు ఇచ్చింది. టికెట్ పెట్టి ఊరందరినీ పిలిస్తే ఆ మినహాయింపు వర్తించదు. గురజాడ 1915లో పోయారు కాబట్టి కన్యాశుల్కానికి చిక్కు లేదు. కానీ దాన్ని పూర్తిగా ఆడాలంటే గంటల తరబడి పడుతుంది. అందుకని ఎవరో కుదించిన ప్రతి తీసుకుంటే, ఆ కుదింపు హక్కు వాళ్లది.

తేదీల విషయానికొస్తే, ఏప్రిల్ 16 తెలుగు నాటకరంగ దినోత్సవం, 29 అంతర్జాతీయ నృత్య దినోత్సవం. రెండూ పరీక్షల నీడలో పడతాయి, మోజు పడొద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆరుబయట వేదిక వద్దు. బ్రహ్మోత్సవాల వేళ బయటి కళాకారులకు తిరుపతిలో గది దొరకదు. సంక్రాంతికీ శివరాత్రికీ మధ్యే మంచి కాలం. త్యాగరాజ ఆరాధన కూడా దాదాపు ఆ రోజుల్లోనే వస్తుంది కనుక వయొలిన్, మృదంగం వారిని ముందే అడగాలి.

ఏడాదికి వేసే ఆ మూడు ప్రదర్శనల్లో ఒకటి మన చిత్తూరు వీధినాటకం కావాలని మా కోరిక. ఎండాకాలం వస్తే ఆ కళాకారులకు ఊరూరా భారత ఉత్సవాలే, ఖాళీ ఉండదు. రాత్రంతా నడిచే ఆటను గంటకు కుదించేటప్పుడు యుద్ధాలు తగ్గించండి, ఇద్దరు పట్టుకున్న తెర వెనక నుంచి వేషం బయటికి వచ్చే తెర ప్రవేశం తగ్గించకండి. జనం మూడువైపులా కూర్చునేలా నేల మీదే ఆడించండి. తెర పట్టే ఇద్దరినీ ఆ మేళం నుంచే రమ్మనండి. విద్యార్థుల చేతికిస్తే ఎత్తు తప్పి, వేషం కంటే ముందు కిరీటం బయటపడుతుంది.

— రంగస్థల సాంకేతిక పనివారు కొందరు,
తిరుపతి