లోడు దించుకునేటప్పుడు

తల్లీ,

రాయగడ పెట్రోలు బంకులో లారీ లోడు దించుకునే పని ఇకనుంచి నీ చేతి మీదుగానే జరుగుతుందన్నావు. సంతోషం. కానీ గన్ను పట్టుకుని బండ్లకి కొట్టడం కంటే ఇది పెద్ద బాధ్యత, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

మండేది పెట్రోలు కాదమ్మా, దాని ఆవిరి. గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు కాబట్టి నేలబారున పాకుతుంది, కాలవల్లో, మ్యాన్‌హోల్ గుంటల్లో నిలుస్తుంది. గాలిలో నూటికి ఒకటిన్నర పాలు కలిసినా అంటుకుంటుంది. డీజిలు అంత తొందరగా అంటుకోదు గానీ, దాన్ని చూసి పెట్రోలుని అంచనా వెయ్యకు.

ఘాట్లెక్కి వచ్చిన లారీలో సరుకు కుదుపులకి కరెంటు పుట్టించుకుని ఉంటుంది. రబ్బరు టైర్లు దాన్ని నేలలోకి తొందరగా పోనివ్వవు. ఇంజను ఆపించి, చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టించి, కనీసం పది నిమిషాలు ఆగనివ్వు. మూత తియ్యకముందే ఎర్తింగ్ క్లిప్పు తగిలించాలి. రంగు మీద పెడితే పెట్టనట్టే, ఉత్త ఇనుము మీద కరుచుకోవాలి. ఆ తర్వాతే గొట్టం. దింపడం అయ్యాక ముందు గొట్టం, చివర క్లిప్పు. ఈ వరస తిరగబడితే రవ్వ ఆవిరి దగ్గరే పుడుతుంది.

దించే ముందు డిప్ రాడ్ (కొలత కడ్డీ) వేసి బంకు నేల కింది ట్యాంకులో ఎంత ఖాళీ ఉందో లెక్క చూడు. లారీ గదిలో 4,000 లీటర్లుంటే, అంతకు మించి చోటుంటేనే వాల్వు తెరవాలి. డ్రైవరు టీకి వెళ్తానంటే ఒప్పుకోకు, వాల్వు పక్కనే నిలబడాలి. 4,000 లీటర్లు లోపలికి పోతే దాదాపు అంత ఆవిరీ వెంట్ పైపులోంచి బయటికొస్తుంది. అందుకే ఆ కాసేపు పెట్రోలు అమ్మకం ఆపెయ్యాలి. క్యూలో జనం విసుక్కుంటారు, విసుక్కోనీ. ఉరుములు మెరుపులు ఉంటే లోడే ముట్టుకోవద్దు. డీసీపీ సిలిండరు (మంటలార్పే పొడి ఉండేది) పిన్ను చేతికందేలా లారీ దగ్గర పెట్టు, షెడ్డులో కాదు.

బండ్ల దగ్గర ఒడియాలో "గాడి బంద కరంతు" (బండి ఆపెయ్యండి) అని మర్యాదగానే చెప్పు, ఇంజను ఆగేదాకా మాత్రం నాజిల్ తియ్యకు. ప్లాస్టిక్ సీసాల్లో పొయ్యకు. ఇనప క్యాను తెస్తే, నేల మీద పెట్టించి నాజిల్ ముక్కు దాని మూతికి ఆనించి నెమ్మదిగా పట్టు.

మెషిను పెట్టె విప్పే మెకానిక్ మీద కూడా ఓ కన్నేసి ఉంచు. ముందు మెయిన్ ఆఫ్ చేసి తాళం వెయ్యాలి. లోపలి ఇనప డబ్బా బోల్టుల్లో ఒక్కటి బిగించకపోయినా, లోపలి రవ్వ బయటి ఆవిరిని అంటించగలదు.

బండి ట్యాంకు మూతి దగ్గర మంట లేస్తే నాజిల్ బయటికి లాగకు. లాగితే మండే పెట్రోలు నేలంతా చిమ్ముతుంది. లీవరు వదిలేసి, జనాన్ని దూరంగా పంపి, ఎమర్జెన్సీ స్విచ్ నొక్కి, అప్పుడు పౌడరు మంట మొదట్లోకి కొట్టు. నీళ్లు వద్దు, పెట్రోలు నీళ్ల మీద తేలి ఇంకా పాకుతుంది. బట్టల మీద పెట్రోలు పడితే గబుక్కున విప్పకు. నీళ్లతో తడుపుకుని, బంకుకి దూరంగా వెళ్లి మార్చుకో. నూలు బట్టలే కట్టుకో. చున్నీ వేసుకుంటే నడుముకి బిగించు.

మీ నాన్న