ఆ బీరువా తాళం తీయించండి సార్

జిల్లా ఇంటర్మీడియట్ విద్యాధికారి గారికి నమస్కారాలు.

నిజాం పాలనలో మన వరంగల్‌లో కాలేజీ చదువు ఉర్దూలోనే. తర్వాతి రోజుల్లో డిగ్రీకి ముందు ఒక్క ఏడాది పీయూసీ (ప్రీ యూనివర్సిటీ కోర్సు). పల్లె నుంచి హన్మకొండ వచ్చిన పిల్లలు ఇంగ్లీషు పాఠాలకు అలవాటు పడేలోపే పరీక్షలు వచ్చేవని మా పెద్దలు చెప్పేవారు. 1969లో రెండేళ్ల ఇంటర్ మొదలైంది, 1971లో ఇంటర్ బోర్డు వచ్చింది. ఆ రెండో ఏడాది చాలామంది పేద పిల్లలకు ఊపిరి పోసిందనే నా నమ్మకం.

ఇప్పుడు మా మండలంలోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్‌లో ద్రవాలు కొలిచే గాజు గొట్టాలు, అంటే బ్యూరెట్లు, పిపెట్లు, తాళం వేసిన బీరువాలోనే ఉన్నాయి. మా అమ్మాయి బైపీసీ. సాల్ట్ అనాలిసిస్ (ఇచ్చిన లవణం ఏదో కనిపెట్టే ప్రయోగం) మొత్తం రికార్డులో చూసి రాసుకుంది గానీ టెస్ట్‌ట్యూబు చేత్తో పట్టలేదు. ప్రాక్టికల్స్ అంటేనే టెన్షన్. వారానికి ఒక్క పూటైనా ల్యాబ్ నడిపించండి. కెమిస్ట్రీ లెక్చరర్‌ను ఈ నెలలోనే వేయించండి.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి