ఆర్‌వీ సైటు వివరాలు తప్పుగా చూపించినందుకు ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ యాప్‌లో బుక్ చేసిన సైటు మీరు చూపించినట్టు లేకపోవడం, రెండు రాత్రుల డబ్బు వాపసు గురించి.

గత నెల మీ యాప్ ద్వారా ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో మూడు రాత్రులకు ఆర్‌వీ సైటు, అంటే ఇల్లులాంటి బండిని నిలుపుకుని ఉండే చోటు, బుక్ చేసుకున్నాం. ఒక్క రాత్రి ఉండి, తెల్లారగానే బయటపడ్డాం. మిగతా రెండు రాత్రుల డబ్బు అడిగితే, రద్దు సంగతి 48 గంటల ముందే చెప్పాల్సిందని మీ వాళ్లు జవాబిచ్చారు. సైటు ఎలా ఉందో అక్కడికి వెళ్లాకే కదండీ తెలిసేది! 48 గంటల ముందు నా కళ్లకు కనిపించింది మీరు పెట్టిన వివరాలే.

టెంటు వేసుకునేవాళ్లు స్థలం కాస్త తక్కువైనా సర్దుకుంటారు. మాకు ఆ వీలు లేదు. మా ట్రైలర్ 34 అడుగులు, లాగే పికప్‌తో కలిపి 54. అందుకే పుల్-త్రూ, 60 అడుగులు, 50 ఆంప్స్, ఫుల్ హుకప్ (నీళ్లు, కరెంటు, మురుగు గొట్టం మూడూ సైటులోనే) అని మీ ఫిల్టర్లలో నాలుగూ టిక్ పెట్టి వెతికాను. పుల్-త్రూ సైటుకు మామూలు దానికంటే ఎక్కువ కట్టేది ఒకే ఒక్క సుఖం కోసం: ఇటునుంచి దూరి, బండి విప్పకుండా ఉండి, అటునుంచి వెళ్లిపోవచ్చు.

మేం చేరేసరికి చీకటి పడింది. సైటుకు అటువైపు దారి ఉన్న మాట నిజమే, కానీ దానికి అడ్డంగా ఒక పెద్ద చెట్టు ఉంది. అది నిన్న మొన్న మొలిచింది కాదు, దాని మొదలు చుట్టూ నా చేతులు అందలేదు. మర్నాడు టేపు పెట్టి కొలిస్తే చెట్టుదాకా ఉన్నది 44 అడుగులు. మా ఆయన స్టీరింగ్ దగ్గర, నేను వెనక ఫోన్ లైటు ఊపుతూ, వెనక్కి పెట్టడానికే ముప్పావు గంట పట్టింది. పికప్‌ను విప్పి దూరంగా ఇంకో పార్కింగ్‌లో వదిలాం.

తర్వాత స్లైడ్-అవుట్, అంటే ట్రైలర్ పక్కకు జరిగి గదిని వెడల్పు చేసే భాగం, తెరుద్దామంటే సరిగ్గా అక్కడే కరెంటు సాకెట్లుండే పెడస్టల్ స్తంభం. అది తగలకుండా ట్రైలర్‌ను అయిదడుగులు జరిపాం. అప్పుడు సీవర్ (మురుగునీటి) గొట్టం అందలేదు. దగ్గరున్న రెండో గొట్టం కలిపితే అందింది గానీ, సీవర్ మూత మా ట్యాంకు అవుట్‌లెట్ కంటే ఎత్తులో ఉంది. మురుగునీరు వాలు ఉంటేనే పారుతుంది, గట్టు ఎక్కి పోదు. వెళ్లేటప్పుడు అందరూ మురుగు ట్యాంకులు ఖాళీ చేసుకునే డంప్ స్టేషన్ దగ్గర వరసలో నిలబడి ఖాళీ చేసుకున్నాం. అదే చేయాలంటే ఫుల్ హుకప్‌కు డబ్బెందుకు కట్టాలి?

అన్నిటికంటే కోపం తెప్పించింది కరెంటు. పెడస్టల్‌లో 50 ఆంప్స్ సాకెట్టే లేదు, 30 మాత్రమే ఉంది. మీ ప్రతినిధి ఫోన్‌లో "ఇరవై ఆంప్స్ తేడానే కదా మేడమ్" అన్నారు. కాదు. 30 ఆంప్స్ కనెక్షన్‌లో 120 వోల్టుల లైను ఒక్కటే, అంటే 3,600 వాట్లు. 50 ఆంప్స్‌లో అలాంటి లైన్లు రెండు, మొత్తం 12,000 వాట్లు. మూడు రెట్లకు పైగా తేడా. మా ట్రైలర్‌కు రెండు ఏసీలు. అడాప్టర్ తగిలించి ఒక ఏసీ వేసుకున్నాం. వాటర్ హీటర్ నడుస్తుండగా మైక్రోవేవ్ పెట్టగానే బ్రేకర్ పడిపోయింది. రాత్రంతా ఏది ఆపి ఏది వేయాలన్న టెన్షనే సరిపోయింది.

వివరాలు క్యాంప్‌గ్రౌండ్ వాళ్లు ఇచ్చినవి, మేం చూపిస్తాం అంతే అని మీ ఈమెయిల్‌లో రాశారు. కానీ ఫిల్టర్ మీది. ఆ రోజు నా వెతుకులాటలో ఇంకో క్యాంప్‌గ్రౌండ్ కూడా వచ్చింది. వాళ్లు 30 ఆంప్స్, వెనక్కి పెట్టాల్సిన సైటు, 45 అడుగులు అని ఉన్నదున్నట్టు రాసుకున్నారు. నేను టిక్కులు పెట్టగానే వాళ్లు జాబితాలోంచి మాయమైపోయారు. నిజం చెప్పినవాళ్లను తీసేసి, చెప్పనివాళ్లను నా ముందు పెట్టింది మీ యాప్. పైగా మీ పేజీలోని ఫొటో పక్క వరసలోని సైటుది. నంబరు బోర్డు చూసి పోల్చుకున్నాను.

ఆ రాత్రే ఆఫీసుకు వెళ్లాం, సైటు మార్చమని అడిగాం. ఖాళీ లేవన్నారు. అక్కడి ఉద్యోగి మర్యాదగానే మాట్లాడారు, ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు.

వాడుకోని రెండు రాత్రుల డబ్బు, బుకింగ్ ఫీజు వాపసు ఇవ్వండి. ఆ సైటు వివరాలు సరిచేసేదాకా మీ జాబితాలోంచి తీసేయండి. "పొడవు" అన్నచోట అది ట్రైలర్‌కు మాత్రమేనా, లాగే బండితో కలిపా అన్నది క్యాంప్‌గ్రౌండ్ వాళ్లచేత రాయించండి. ఆ ఒక్క ముక్క ఉన్నా నేను ఫోన్ చేసి అడిగి ఉండేదాన్ని.

టేపుతో కొలిచిన ఫొటోలు, పెడస్టల్ ఫొటో, బుకింగ్ రోజున తీసిన మీ పేజీ స్క్రీన్‌షాట్ జతచేశాను. 15 రోజుల్లో జవాబు రాకపోతే కార్డు ఇచ్చిన బ్యాంకులో ఈ చెల్లింపుపై అభ్యంతరం నమోదు చేస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్