తుపాకిమందు నిల్వ గురించి రాష్ట్ర హోంమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హోంశాఖ మంత్రి గారికి నమస్కారములు.

కోనసీమలోను, గోదావరి పాయ అయిన వశిష్ఠకు ఆవలి ఒడ్డున నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లోను తాతల నాటి నాటు తుపాకులకు లైసెన్సులు నిలుపుకొని, వాటితో గురి సాధన చేసే అభిరుచి గలవాళ్లం కొద్దిమందిమి ఉన్నాము. గొట్టం మూతి నుంచి మందు పోసి, గుడ్డపీలికతో సీసపు గుండును దట్టించి, టోపీ (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించి మందును అంటించే చిన్న లోహపు మూత) పెట్టి కాల్చే ఈ పాత పద్ధతికి 1971 నుంచి అంతర్జాతీయ సంఘం, పోటీలు కూడా ఉన్నాయి. తుపాకుల విషయంలో మాకు ఫిర్యాదేమీ లేదు. 2016 నాటి ఆయుధ నియమాలను పాటిస్తూనే ఉన్నాము. నా విన్నపమంతా ఆ తుపాకిలో పోసే మందు మా ఇళ్లలో ఉంటున్న తీరు గురించే.

ఈ మందును ఏ పెట్టెలో, ఏ గదిలో, దేనికెంత దూరంలో ఉంచాలో తెలుగులో చెప్పే కాగితం ఒక్కటీ లైసెన్సుతో పాటు మాకు అందలేదు. అందువల్ల ఎవరికి తోచినట్టు వారు దాచుకుంటున్నారు. ఎక్కువమంది బంగారంతో, దస్తావేజులతో పాటు ఇనప బీరువాలో పెట్టి తాళం వేసి, అంతకన్నా భద్రమైన చోటు లేదనుకుంటారు. నిజానికి ప్రమాదం అక్కడే ఉంది. కొద్దిపాటి మందు ఆరుబయట అంటుకుంటే గప్పున మండి పోతుంది. అదే మందు గట్టి ఇనుము మధ్య బిగిసి ఉండగా అంటుకుంటే, పుట్టిన వాయువుకు దారి లేక ఆ బీరువానే ముక్కలు చేసి ఇల్లంతా విసురుతుంది. అందుకే బ్రిటన్‌లో ఈ అభిరుచి గలవారు మందును గదులు గదులుగా చేసిన మందపాటి చెక్కపెట్టెలో, ఒక్కో గదిలో 550 గ్రాములకు మించకుండా ఉంచుతారు. చెక్క వేడిని కొంతసేపు ఆపుతుంది, పేలుడు ఒత్తిడిని మాత్రం బిగబట్టదు. టోపీలను మందు దగ్గర ఉంచకూడదన్నది తప్పక పాటించవలసిన జాగ్రత్తే అయినా, మా వాళ్లలో రెండింటినీ ఒకే సంచిలో తిప్పేవారు ఉన్నారు.

డెల్టాలో దీనికి తోడు నీటి బెడద ఉంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాల్లో సామానంతా అటకెక్కింది. అలాంటి రోజుల్లో మందు డబ్బా కూడా అటకకే చేరుతుంది. చాలా ఇళ్లలో ఆ అటక కింద వెలిగేది పొయ్యి. వరద తీశాక చెమ్మగిల్లిన మందును రేకు పళ్లెంలో పరచి ఎండబెట్టి, గట్టిపడిన గడ్డలను ఇనప గరిటెతో చిదపడం నేను కళ్లారా చూశాను. తడిసిన మందు చచ్చిన మందు కాదు. ఆరితే మళ్లీ అంటుకుంటుంది, ఇనప గరిటె నుంచి ఒక్క నిప్పురవ్వ లేచినా చాలు. చెమ్మ తగిలిన మందును అప్పగించడానికి ఒక చోటు ఉంటే ఎవరూ అలా ఎండబెట్టరు.

2025 అక్టోబరులో రాయవరం మండలంలోని బాణసంచా తయారీ కేంద్రంలో జరిగిన పేలుడును మన జిల్లా ఇంకా మరచిపోలేదు. అక్కడి నిల్వలతో పోలిస్తే మా దగ్గరుండేది గోరంతే కావచ్చు, కానీ అది పిల్లలు తిరిగే ఇళ్లలో ఉంటుంది.

1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నియమాలు కేంద్రం చేతిలోనివని, వాటి అమలు నాగపూర్ ప్రధాన కేంద్రంగా ఉన్న సంస్థ చూస్తుందని నాకు తెలుసు. వాటిని సడలించమని నేను అడగడం లేదు. లైసెన్సు ఇచ్చేటప్పుడు, పునరుద్ధరించేటప్పుడు నిల్వ జాగ్రత్తలను తెలుగులో అచ్చువేసి ఇప్పించండి. ఆ సంస్థ అనుమతితో జిల్లాకొకటిగా, వరద మట్టానికి పైన, ఊరికి దూరంగా ఒక తుపాకిమందు గిడ్డంగిని ఏర్పాటు చేయిస్తే, మేము రుసుము చెల్లించి మందును అక్కడే ఉంచుకొని, సాధనకు కావలసినంత మాత్రమే సంతకం పెట్టి తెచ్చుకుంటాము. అది కట్టేలోగా కనీసం తడిసిన మందునైనా అగ్నిమాపక కేంద్రాల్లో స్వీకరించేలా, తెచ్చి అప్పగించినవారిపై కేసు పెట్టబోమన్న హామీతో ఉత్తర్వు ఇప్పించండి. కేసు పెడతారన్న భయం వల్లే చాలామంది పాత మందును బయటపెట్టక ఏళ్ల తరబడి ఇంట్లోనే దాచుకుంటున్నారు.

గోదావరికి వరద నీరు రాకముందే, జూన్ నాటికి, కనీసం ఆ ఒక్క ఉత్తర్వైనా మా కలెక్టర్లకు చేరేలా చూడవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
కోనసీమకు చెందిన ఒక నాటు తుపాకి లైసెన్సుదారుడు