కొత్త డెస్క్‌టాప్‌లో పాత హార్డ్ డిస్కు పెట్టి పంపడం గురించి ఫిర్యాదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
కస్టమర్ కేర్ విభాగం.

విషయం: డెస్క్‌టాప్ బిగుసుకుపోవడం, లోపలి నుంచి చప్పుడు రావడం, హార్డ్ డిస్కు మార్పిడి.

ఆర్యా,

మీ వెబ్‌సైట్‌లో నేను కొన్న డెస్క్‌టాప్ పని మధ్యలో బిగుసుకుపోతోంది. బిల్లు, వారంటీ కార్డు, కింద చెప్పిన వాటి స్క్రీన్ ఫొటోలు, చప్పుడు వినిపించే వీడియో జతచేస్తున్నాను.

రాజమండ్రిలో మాది చిన్న డీటీపీ షాపు, అంటే కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చి అచ్చుకు పేజీలు తయారుచేసే చోటు. శుభలేఖలు, కరపత్రాలు, ఎప్పుడైనా ఓ కవితా సంపుటి. విండోస్ ఎస్‌ఎస్‌డీలో, అంటే తిరిగే భాగాలు లేని వేరే డ్రైవ్‌లో ఉంది, దాంతో ఏ గొడవా లేదు. కస్టమర్ల ఫైళ్లన్నీ 1 టీబీ హార్డ్ డిస్కులో, అంటే డి డ్రైవ్‌లో ఉన్నాయి. అందులోంచి పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ఫైలు తెరిచామా, మౌస్ బాణం ఒక్కటే కదులుతుంది, తక్కినదంతా కొయ్యబారిపోతుంది. వెంటనే టక్... టక్... టక్. కాసేపటికి డిస్కు తిరగడం ఆగి, మళ్లీ గుయ్‌మని అందుకుంటుంది. ఫ్యానేమో చూడమన్నారు మీ వాళ్లు. ఫ్యానైతే సిస్టం ఆన్‌లో ఉన్నంతసేపూ మోగాలి. ఇది డి డ్రైవ్ జోలికి వెళితేనే మోగుతోంది.

కాల్ సెంటర్‌కి ఎప్పుడు చేసినా ఒకటే మంత్రం: "విండోస్ మళ్లీ వేయండి సార్." వేశాను, తేడా లేదు. అసలు విండోస్ ప్రమేయమే లేకుండా, ఉబుంటు అనే వేరే ఆపరేటింగ్ సిస్టం ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి అదే డ్రైవ్ తెరిచాను. అదే చప్పుడు, అదే బిగుసుకుపోవడం. విండోస్ తన లోపాలను నమోదు చేసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో 'డిస్క్' పేరు మీద ఈవెంట్ 7 వరసగా పడి ఉంది. డిస్కులో బ్యాడ్ బ్లాక్, అంటే పాడైన చోటు ఉందని విండోసే చెబుతుంటే, మీరు పంపిన టెక్నీషియన్ కేబినెట్‌కి చెవి ఆనించి, "కొత్త మెషీన్ కదా సార్, వాడగా వాడగా సెట్ అవుతుంది" అని సంతకం పెట్టించుకుని వెళ్లాడు. వాడేకొద్దీ సర్దుకోవడానికి అదేమైనా కొత్త చెప్పుల జతా?

అసలు సంగతి ఇది. డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్‌లో రీఎలొకేటెడ్ సెక్టార్లు (పాడై, బదులు చోటుకి మార్చినవి), పెండింగ్ సెక్టార్లు (చదవడానికి మొరాయిస్తున్నవి) రెండింటి పక్కనా హెచ్చరికగా పసుపు చుక్క పడింది. అంతవరకే అయితే సరిపెట్టుకునేవాణ్ణి, కొత్త డిస్కైనా ఒక్కోసారి పాడవుతుంది. కానీ అదే తెర మీద పవర్ ఆన్ అవర్స్, అంటే డిస్కు ఆన్‌లో ఉన్న మొత్తం గంటలు, 11,264 అని ఉంది. రాత్రీ పగలూ ఆపకుండా తిప్పినా అన్ని గంటలకు పదిహేను నెలలు పడుతుంది. మీ బిల్లు మొన్న వేసవిది. నా దగ్గరికి రాకముందు ఈ డిస్కు ఎక్కడ, ఎవరి దగ్గర తిరిగింది? సీరియల్ నంబరు ఫొటోలోనే ఉంది, మీ రికార్డులతో సరిచూసుకుని లిఖితపూర్వకంగా చెప్పండి.

డిస్కు మార్చాలి. సీలు వేసిన కొత్తది తెచ్చి, నా ఎదుట సీలు తీసి, అది తిరిగిన గంటలెన్నో చూపించి బిగించాలి. దాని వారంటీ ఆ రోజు నుంచే లెక్కపెట్టాలి. మెషీన్ మొత్తం సర్వీస్ సెంటర్‌కి పంపమంటున్నారు, "డేటాకు మా బాధ్యత లేదు" అన్న కాగితం మీద సంతకం అడుగుతున్నారు. రెండూ కుదరవు. అందులో జనం ఇళ్ల అడ్రసులు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. ముందు చదవగలిగినంత కాపీ చేసుకోనివ్వండి, ఆ తర్వాతే పాతది తీసుకెళ్లండి.

ఇ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాల్సింది మీరే. బిల్లు అడుగున సన్న అక్షరాల్లో వివాదాలన్నీ బెంగళూరు కోర్టుల పరిధి అని వేశారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం నేనుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. గడువు దాటితే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, తర్వాత కమిషన్‌కి వెళతాను.

ఆదివారం తప్ప ఏ రోజైనా పదింటి నుంచి షాపులోనే ఉంటాను. వచ్చే మనిషికి డిస్కు ఇచ్చి పంపండి.

ఇట్లు,
ప్రొప్రైటర్, డీటీపీ సెంటర్,
రాజమండ్రి.