కొమ్మ కొట్టే చేతికి శిక్షణ, ఆ నడుముకు తాడు కావాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. తొలకరికి ముందు కరెంటు తీగలకు అడ్డం వచ్చే కొమ్మలను తొలగించే పని ఏటా వేసవిలో మన పట్టణాలన్నింటిలోనూ సాగుతుంది. ఈ ఏడాది మా వీధి మొదట్లో ఉన్న నిద్రగన్నేరు చెట్టును ఒక గుత్తేదారు మనుషులు ఒక్క పూటలో కొట్టి వెళ్లిన తీరు చూశాక, ఇరవై ఆరేళ్లుగా ఇదే పనితో పొట్ట పోసుకుంటున్నవాడిగా ఈ లేఖ రాయడం నా బాధ్యత అనిపించింది. కొమ్మలు కొట్టకూడదని నేను అనడం లేదు. తీగలను రాసుకుంటున్న పచ్చి కొమ్మ వానలో మనిషి ప్రాణం తీయగలదు, దాన్ని తీసేయాల్సిందే. అయితే ఆ చెట్టుకు వీధి వైపు కొమ్మలన్నీ మొదలంటా పోయాయి, ఇళ్ల వైపు బరువంతా అలాగే ఉండిపోయింది, నరికిన చోట బెరడు మూరెడు పొడవున చీలి కాండం మీదికి దిగింది. ఆ కుర్రాళ్లను నేను తప్పుపట్టను. ఎలా కొట్టాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు, పైగా నడుముకు తాడైనా లేకుండా చెట్టెక్కించారు.

మా నాన్న నల్గొండ జిల్లాలో గీత కార్మికుడు. తాటిచెట్టు ఎక్కేటప్పుడు నడుముకు, మానుకు చుట్టుకునే తాడైన మోకు మీద బరువు ఎలా మోపాలో, పాదాలు ఎక్కడ ఆనించాలో, గాలి లేచినప్పుడు ఎందుకు ఆగాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. తాటిచెట్టుకు కొమ్మలుండవు కాబట్టి పట్నం వచ్చాక ఆ విద్య నాకు సగమే అక్కరకొచ్చింది. మిగతా సగం, తోటపనిలో జీవితమంతా గడిపి రిటైరైన ఒక పెద్ద మాలి నేర్పారు. ఆయన మొదటిరోజు నా చేతిలోని గొడ్డలి పక్కన పెట్టించి, కొమ్మ కాండంతో కలిసే చోటును చేత్తో తడిమి చూడమన్నారు. అక్కడ కాస్త ఉబ్బెత్తుగా, ముడతలు పడి ఉంటుంది. దాన్ని మేము మెడ అంటాం. గాయాన్ని మూసుకునే శక్తి చెట్టుకు ఆ మెడలోనే ఉంటుందని, అది పోతే ఇక ఏ మందూ పనిచేయదని ఆయన చెప్పిన మాట ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పు కాలేదు.

లావు కొమ్మను మూడు కోతల్లో తీయాలి. మొదటి కోత మెడకు ఒక అడుగు దూరంలో, కొమ్మ కింది వైపు నుంచి, మందంలో మూడో వంతు దాకా వేయాలి. రెండో కోత దానికి రెండు అంగుళాలు అవతల, కొమ్మ కొస వైపు, పై నుంచి వేయాలి. అప్పుడు కొమ్మ తన బరువుకు తాను విరిగిపడుతున్నా బెరడు చీలిక కింది కోత దగ్గరే ఆగిపోతుంది, కాండం మీదికి పాకదు. మిగిలిన మొండిని మూడో కోతతో, మెడను తాకకుండా దాని అంచున తీసేయాలి. కాండానికి ఆనించి నున్నగా కోస్తే చూడటానికి శుభ్రంగా ఉంటుంది కానీ మెడ పోతుంది. మొండిని పొడుగ్గా వదిలేస్తే అది ఎండి, పుచ్చి, ఆ పుచ్చు కాండంలోకి దిగుతుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేల చెట్లను కోసి లోపల పరిశీలించి తేల్చింది కూడా ఇదే. పుండు మానినప్పుడు మన ఒంట్లో పాత కండ స్థానంలో కొత్తది వస్తుంది, చెట్టులో అలా జరగదు. చెట్టు తన గాయం చుట్టూ లోపల గోడ కట్టుకుని, కుళ్లును అక్కడే బంధించి, దాని మీదుగా కొత్త కలప పెంచుకుంటుంది. కోసిన చోట తారో రంగో పూసినంత మాత్రాన కుళ్లు ఆగదని కూడా ఆయన చూపించారు. మన దగ్గర ఇంకా రంగు పూసి, చెట్టుకు చికిత్స చేశామని తృప్తి పడుతున్నాం.

ఇంతకన్నా పెద్ద తప్పు చెట్టు తలను అడ్డంగా కొట్టేయడం. తలపోయిన చెట్టు ఆకలితో ఒక్కో మొండి నుంచి పదీ ఇరవై సన్నని కొమ్మలను ఒక్కసారిగా వేస్తుంది. అవి కలప లోతు నుంచి వచ్చినవి కావు, పైపొర నుంచి మొలిచినవి. మూడు నాలుగేళ్లలో అవే లావెక్కి, పుచ్చిన మొండి మీద నిలబడి, ఈదురుగాలికి ఊడి కింద నిలిపిన బండ్ల మీద పడతాయి. అప్పుడు చెట్టు ప్రమాదకరమని మొత్తం నరికేస్తారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు, కూలిన చెట్లను రోడ్ల మీంచి తొలగించడానికి వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. గంటకు 170 కిలోమీటర్లు దాటిన గాలికి నిండు ఆరోగ్యంతో ఉన్న చెట్లు కూడా నిలవలేదు కనుక, తప్పంతా నరుకుడుదేనని అనను. కానీ మేము రంపం పెట్టిన మానుల్లో ఎన్నింటి లోపల పాత గాయం దగ్గర మొదలైన డొల్ల బయటపడిందో, ఎన్నింటికి మురుగుకాలువ గోడ కోసం ఒకవైపు వేళ్లన్నీ ఎప్పుడో తెగిపోయి ఉన్నాయో కళ్లారా చూశాను.

వేళ్ల గురించి ఒక్క మాట చెప్పాలి. చెట్టు వేళ్లు పాతాళానికి దిగుతాయని చాలామంది అనుకుంటారు. తిండి, నీరు తెచ్చే వేళ్లలో ఎక్కువ భాగం పై రెండు మూడడుగుల మట్టిలోనే, కొమ్మల నీడ దాటి పరుచుకుని ఉంటాయి. కేబుల్ కోసం తవ్వే గొయ్యి, మొదలు చుట్టూ పోసే కాంక్రీటు వాటినే చంపుతాయి. ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మన కాలిబాటలకు ఆ పద్ధతి ఇంకా రాలేదు.

ఇక మనుషుల సంగతి. తెలిసినవాడు చెట్టెక్కే ముందు పావుగంట దాని చుట్టూ తిరుగుతాడు. మొదట్లో పుట్టగొడుగులు మొలిచాయా, పంగ దగ్గర పగులు ఉందా, కొయ్య సుత్తితో తడితే డొల్ల చప్పుడు వస్తోందా, తేనెపట్టు గానీ పక్షి గూడు గానీ ఉందా అని చూస్తాడు. గుల్‌మొహర్ కొమ్మ పచ్చగా ఉన్నప్పుడే పుటుక్కున విరుగుతుంది, దాని మీద వేప కొమ్మను నమ్మినట్టు కాలు మోపకూడదు. కింద ఇల్లో తీగో ఉంటే కొమ్మను ఊరికే పడేయకూడదు. దానికి తాడు కట్టి, పైనున్న గట్టి పంగ మీదుగా వేసి, కింద మనిషి ఆ తాడును మానుకు రెండు చుట్లు తిప్పి బిగబట్టి మెల్లగా దించాలి. మిషన్ రంపం తాడును రెప్పపాటులో తెంపుతుంది కాబట్టి పైన దాన్ని పట్టేవాడి నడుముకు రెండు వేర్వేరు తాళ్ల కట్లు ఉండాలి. రంపం పట్టీ ముక్కు కొయ్యకు తగిలితే అది ముఖం మీదికి ఎగురుతుంది కాబట్టి రెండు చేతులతోనే పట్టాలి. ఒక చేత్తో కొమ్మను, ఇంకో చేత్తో రంపాన్ని పట్టుకున్న కుర్రాళ్లను నేను ప్రతి వేసవిలో చూస్తున్నాను.

తీగల పక్కన పని ఇంకా కష్టం. ఎల్‌సీ తీసుకుని, అంటే ఆ లైనుకు సరఫరా ఆపించి, పనిచేయాలని నిబంధన. ఎల్‌సీ తీసుకున్నా ఏదో ఇంటి జనరేటరు నుంచి వెనక్కి కరెంటు రావచ్చు కనుక, దాన్ని నేలలోకి పంపే ఎర్త్ రాడ్లు తీగలకు తగిలించాకే చెట్టును ముట్టుకోవాలి. తొమ్మిదేళ్ల కిందట నాతో పనిచేసిన ఒక తమ్ముడు, లైను ఆపారని గుత్తేదారు ఫోనులో చెప్పిన మాట నమ్మి ఎక్కాడు. లైను ఆపలేదు. చేతిలోని తడికొమ్మ తీగకు తగలగానే ఇరవై అడుగుల ఎత్తు నుంచి పడి నడుము విరిగింది. అతని పేరు ఏ హాజరు పట్టీలోనూ లేదు కాబట్టి ఆసుపత్రి ఖర్చులు మేమే చందాలు వేసుకుని కట్టాం. ఈ రోజుకీ అతను సొంతంగా లేచి నిలబడలేడు.

చెట్టుకు వైద్యం చేయడం మన ప్రభుత్వాలకు చేతకాని పని కాదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి పెద్ద కొమ్మ కూలినప్పుడు, 2018లో సెలైన్ సీసాలతో బొట్టుబొట్టుగా మందు ఎక్కించి, వాలిన కొమ్మలకు దన్నుగా స్తంభాలు కట్టి కాపాడారు. అంత శ్రద్ధ వీధి చెట్టుకు అక్కర్లేదు. కొట్టేవాడికి పని తెలిస్తే చాలు. చెట్ల పనికి బ్రిటన్‌లో బీఎస్ 3998 అనే రాతపూర్వక ప్రమాణం ఉంది. చెట్ల నిపుణుల అంతర్జాతీయ సంఘం 1992 నుంచి, అనుభవం ఉన్నవారికి పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇస్తోంది. మన దగ్గర చెట్టును మొత్తం నరకాలంటే 2002 నాటి వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి కావాలి. కొమ్మల పేరుతో చెట్టును నెమ్మదిగా చంపుతుంటే మాత్రం అడిగేవారు కనిపించరు.

2024 జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా కిట్ల పంపిణీ ప్రారంభించారు. ఆ వార్త చూసి మా నాన్న ఉంటే ఎంత సంతోషించేవారోనని కళ్లు చెమ్మగిల్లాయి. ఊళ్లో తాటిచెట్టు ఎక్కేవాడికి ఇచ్చిన ఆ కవచం పట్నంలో నిద్రగన్నేరు ఎక్కేవాడికి ఎందుకు ఇవ్వకూడదు? విద్యుత్ సంస్థలు, పురపాలక సంఘాలు కొమ్మల పనికి టెండరు పిలిచేటప్పుడే ప్రతి జట్టులో శిక్షణ పొందిన ఒక మనిషి ఉండాలని, హెల్మెట్, నడుము పట్టీ, రెండు తాళ్లు, ప్రమాద బీమా ఉండాలని, ఎల్‌సీ కాగితం చేతికి రాకుండా ఎవరూ చెట్టెక్కకూడదని షరతు పెట్టాలి. బిల్లు కూడా కొట్టిన కొమ్మల లారీల లెక్కన కాకుండా, ఉద్యాన విభాగం వారు కోతలు చూసి సంతకం చేశాకే చెల్లించాలి. ఎక్కువ నరికితే ఎక్కువ డబ్బు అయినంత కాలం ఏ గుత్తేదారూ మెడ దగ్గర ఆగడు.

మా వీధి నిద్రగన్నేరు ఇంకా బతికే ఉంది. వానలు పడేలోగా ఇళ్ల వైపు కొమ్మలను కొసల దగ్గర పలచన చేసి బరువు తగ్గించాలి, చీలిన బెరడును అంచుల వెంట చక్కగా కోసి శుభ్రం చేయాలి. అధికారులు అనుమతిచ్చి ఒక్క పూట లైను ఆపిస్తే నేను, నాతో ఉన్న ఇద్దరు మనుషులు ఆ పని ఉచితంగా చేస్తాం.

ఇట్లు,
ఒక చెట్టు కోత కార్మికుడు,
ఉప్పల్, హైదరాబాద్